ఆదివారం లేని నలభై మంది

గాజు గదిలోకి వెళ్లేవాళ్ల దగ్గర ఫోను తీసేసుకుంటారని పిన్నికి ముందే తెలుసు. చేతి గడియారం, పెన్ను, కాగితం కూడా ఇచ్చెయ్యాలంటే సరేననుకుంది. తీరా బ్యాగు జిప్పుకి గుచ్చుకున్న పిన్నీసు కూడా ఇమ్మని గార్డు చెయ్యి చాచేసరికి ఒళ్లు మండింది.

“దీంతో నేనేం రాసుకుపోతాననుకున్నావు నాయనా?”

“రూలండీ. లోపలికేదీ పోకూడదు, లోపల్నించేదీ రాకూడదు.”

“మరి నేనో?”

“మీరు రావచ్చండీ. రెండు కార్డులు పడాలంతే. లోపల ఆయనది, బయట నాది. ఒకేసారి.”

గోడ గడియారంలో రెండూ పది. గార్డు ఇవతల కార్డు పెట్టాడు, లోపలి మనిషి అవతల కార్డు పెట్టాడు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మూసుకున్నాక చూస్తే దానికి పిడి లేదు.

పిన్ని నిజానికి ఎవరికీ పిన్ని కాదు. ఇరవై రెండేళ్లు ఆసుపత్రి రికార్డు గదిలో రిజిస్టర్లు రాసి, ఆపైన డిటెక్టివ్ అవతారమెత్తిన మనిషి. కేసు తెచ్చినవాళ్లు కష్టం చెప్పుకుంటూ చెప్పుకుంటూ రెండోరోజుకల్లా “పిన్నిగారూ” అనేస్తారు. ఆ పిలుపే ఊరంతా పాకింది.

ఈ కేసు తెచ్చింది అతుకుల మాస్టారి భార్య. మూడు రోజుల క్రితం, మంగళవారం పొద్దున, మాస్టారు ఈ పరిశోధన కేంద్రంలోనే వెనకవైపు మెట్ల మీంచి పడి చనిపోయారు. పడలేదు, ఎవరో తోశారని పోలీసులు తేల్చారు. తోసింది ఆయన కోడలేనని కూడా తేల్చారు. ఆ అమ్మాయి పక్క భవనంలోని ఆసుపత్రిలో స్కాన్ టెక్నీషియను. తొమ్మిదీ యాభైకి మామా కోడళ్లు వరండాలో గట్టిగా వాదించుకోవడం పదిమంది చూశారు. పదీ ముప్పై రెండుకి మెట్ల తలుపు ఆ అమ్మాయి కార్డుతో తెరుచుకుంది. పదీ నలభైకి మాస్టారు కింద పడి ఉన్నారు. ఇవాళ నాలుగింటికి ఆమెని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టి, అటునుంచటే జైలుకి పంపుతారు. ఆ అమ్మాయికిప్పుడు ఏడో నెల.

“నా కోడలికి నోరే ఆయుధం, పిన్నిగారూ. చెయ్యెత్తే రకం కాదు. నలభై ఏళ్లు నేనూ ఆయన మీద నోరు చేసుకున్నాను, నేను చంపానా?” అంది మాస్టారి భార్య. మొగుడు పోయిన మూడో రోజున కోడలి తరఫున నిలబడ్డ అత్తగారిని చూసి, పిన్ని ఇంకేమీ అడక్కుండా కేసు ఒప్పుకుంది.

గాజు గదిలో రెండే బల్లలు. ఒకదాని ముందు పిన్ని, రెండోదాని ముందు ఆ గదిని కాపాడే అధికారి. అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. యాభై ఐదేళ్లుంటాయి, మెత్తటి గొంతు, మెడదాకా పెట్టుకున్న గుండీలు. పిన్ని తెర మీద కనిపించేదంతా ఆయన తెర మీదా కనిపిస్తుంది. ఆయన ఉద్యోగమే అది.

“మాస్టారు ఇక్కడ చేసే పనేంటో నాకర్థమయ్యేలా చెప్పండి,” అంది పిన్ని.

“అతుకులు వెయ్యడమండీ. ఆరు ఆసుపత్రుల్నించి కేన్సర్ రోగుల స్కాన్లు ఒక దారిన వస్తాయి. వాళ్ల జబ్బు, మందులు, రక్తపరీక్షలు ఉన్న చీటీలు ఇంకో దారిన వస్తాయి. ఒక్కో ఆసుపత్రిది ఒక్కో రాత. అన్నిట్నీ ఒకే పద్ధతిలోకి మార్చి, ఎవరి స్కానుకి వాళ్ల చీటీ కలపాలి. అప్పుడే ఏ మందుకి ఎవరి గడ్డ కరిగిందో తేలేది.”

“పేర్లుంటాయా?”

“పేర్లే కాదండీ, అసలు తేదీలు కూడా ఉండవు. ఒక్కో రోగి తేదీలన్నిట్నీ యంత్రం కొన్ని రోజులు వెనక్కి జరిపేస్తుంది. ఒకరికి పదమూడు రోజులు, ఒకరికి రెండొందల నాలుగు. ఎవరికెంత జరిపిందో మాక్కూడా తెలీదు. స్కానూ చీటీ కలిసే జరుగుతాయి గనక మధ్య ఎడం చెడదు. మనిషి మాత్రం ఎవరికీ దొరకడు.”

“యంత్రం మొరాయిస్తే?”

“చేత్తో పెడతానండీ. ఏడాదికి ఒకటి రెండుసార్లు.”

“మంగళవారం మాస్టారు ఎప్పుడొచ్చారు?”

“తొమ్మిదీ పదికి. మధ్యలో కోడలితో మాట్లాడ్డానికి ఓసారి వరండాలోకి వెళ్లొచ్చారు. పదీ ఇరవై మూడుకి లేచి వెళ్లిపోయారు.”

“మీరు?”

“నేను కదల్లేదండీ.”

“సాక్ష్యం?”

తాళాలాయన నవ్వాడు. “ఈ గదికి నేనే సాక్ష్యమండీ.”

పొద్దున స్టేషన్లో కోడలు చెప్పిన మాట పిన్ని చెవుల్లో ఉంది. ‘మా ఆసుపత్రి నుంచి, అదే వాళ్ల లెక్కలో ఆరోది, కొత్తగా వచ్చిన నలభై మందినీ నువ్వే తీశావా అని మామయ్య అడిగారండీ. వాళ్లు మా పరిశోధనలో ఉన్నట్టు నాకు తెలీదన్నాను. గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో అని ఒకటే పోరు. విసుగొచ్చి అరిచాను. ఆఖరిసారని నాకేం తెలుసు?’ ఆ ఆఖరి మాట దగ్గర ఆ పిల్ల ఏడవలేక ఎక్కిళ్లు పెట్టింది.

ఆ నలభై మందినీ పిన్ని తెర మీదికి తెప్పించింది. ఊపిరితిత్తుల్లో గడ్డ. కొత్త మందుకి ముందు ఒక స్కాను, తర్వాత ఒక స్కాను. తలకి రెండు చొప్పున ఎనభై తేదీలు. స్కాన్లు చూస్తే ఆవిడకేమీ అర్థం కాదు గానీ తేదీలు అలా కాదు. ఇరవై రెండేళ్ల రిజిస్టర్లు అంటించిన జబ్బొకటుంది ఆవిడకి. తేదీ కనపడితే చాలు, ఏ వారమో నోటికొచ్చేస్తుంది.

“సోమ. గురు. శని. బుధ. మళ్లీ సోమ…”

సణుక్కుంటూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత మిగతా ఐదు ఆసుపత్రుల జాబితాలు తీసింది. పక్క బల్ల దగ్గర తాళాలాయన కలం లేని చేత్తో ఏదో రాస్తున్నట్టు వేళ్లు కదిపాడు.

రెండూ నలభై ఐదుకి మళ్లీ రెండు కార్డులూ పడ్డాయి. ఈసారి లోపలికొచ్చింది ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. ఆయన పిన్నికి స్వయానా మరిది. ఇంట్లో వదిన వడ్డిస్తే తలొంచుకుని తింటాడు. బయట ఆవిడ పేరెత్తితే పళ్లు నూరతాడు.

“వదినా, ఇంక చాలు లే. బండి వాకిట్లో ఉంది. ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్తున్నా.”

“మరిదిగారూ, అయిదు నిమిషాలు కూర్చో. ఈ నలభై మందిలో ఒక్కరికీ ఆదివారం లేదు.”

“ఏం లేదు?”

“ఎనభై స్కాన్లలో ఒక్కటీ ఆదివారం పడలేదు.”

ఇన్‌స్పెక్టరు తాళాలాయన వంక చూసి, తన ఇంటి పరువు పోయినంత ఇబ్బందిగా నవ్వాడు. “ఆదివారం స్కాన్ గదికి సెలవు వదినా. సెలవురోజున సెలవిచ్చారు. ఇది కూడా నేరమేనా?”

“అక్కడే ఉంది తిరకాసు. ఇక్కడున్న తేదీలు నిజం తేదీలు కావు నాయనా. యంత్రం ఇష్టమొచ్చినట్టు జరిపినవి. అలా జరిపితే ఏడింట ఒకటి ఆదివారం మీద పడి తీరాలి. మిగతా అయిదు ఆసుపత్రుల్లో అలాగే పడ్డాయి, లెక్కపెట్టాను. ఎనభైకి పదకొండో పన్నెండో ఉండాలి. ఈ నలభై మందికి మాత్రం సున్నా. అంటే ఇవి జరపని తేదీలు. అసలు తేదీలు.”

“అసలు తేదీలైతే మంచిదేగా?”

“ఇక్కడ కాదు. ఈ ఇంట్లో నిజం మనుషులందరికీ అబద్ధం తేదీలుంటాయి. నిజం తేదీలున్నవాళ్లే అబద్ధం మనుషులు. వీళ్లు యంత్రం గుండా రాలేదు. ఎవరో పక్కదారిన తెచ్చి పెట్టారు. మాస్టారు అది పట్టుకున్నారు.”

“ఆరో ఆసుపత్రివాళ్లే పొరపాటు చేసుంటారండీ,” అన్నాడు తాళాలాయన మెల్లగా.

“విన్నావా? పొరపాటు.” ఇన్‌స్పెక్టరు లేచాడు. “నాకు కావలసింది మెట్ల తలుపు. పదీ ముప్పై రెండు, కార్డు నంబరు నాలుగొందల పదిహేడు బై మూడు, ఆ అమ్మాయి పేరు. తెరుచుకున్న తలుపుని పట్టుకుని నేను కోర్టుకెళ్తా. నువ్వు ఆదివారాలు పట్టుకుని ఇక్కడే కూర్చో.”

“ఆ పిల్లకి ఏడో నెల.”

“నాకు తెలీదా? రాత్రి నిద్రపట్టలేదు నాక్కూడా. అలాగని కార్డుని కాదంటానా?” గొంతు తగ్గించి అన్నాడు గానీ ఆగలేదు.

తాళాలాయన మర్యాదగా లేచి వెళ్లి లోపలి కార్డు పెట్టాడు. తలుపు తెరుచుకున్నప్పుడు గార్డుతో ఏదో చెప్పాడు. గార్డు తలూపి టోపీ సర్దుకుని ఇన్‌స్పెక్టరు వెనకే నడిచాడు. గాజులోంచి పిన్ని అదంతా చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. ఆవిడ మనసంతా ఒక అంకె దగ్గర ఇరుక్కుంది. గడియారం మూడూ నాలుగు.

బై మూడు. పొద్దున స్టేషన్లో సీలు వేసిన కవరులోంచి కనపడ్డ కోడలి కార్డు మీద నాలుగొందల పదిహేడు బై నాలుగు అని ఉంది. ఆవిడకి మనుషుల మొహాలు మరుపుకొస్తాయేమో గానీ అంకెలు రావు.

“స్కాన్ గదివాళ్ల కార్డులు మీరే ఇస్తారటగా?” అంది మామూలుగా.

“అవునండీ. వాళ్లతో పెద్ద తలనొప్పి. జేబులోంచి తియ్యడం మర్చిపోయి అయస్కాంతం దగ్గరికి వెళ్తారు, కార్డు చస్తుంది. చచ్చిందన్నప్పుడల్లా కొత్తది చెయ్యాలి.”

“ఆ అమ్మాయికెన్ని చేశారేంటి?”

“ఇప్పుడున్నది నాలుగోదండీ.”

మాట బయటపడ్డాక ఆయన పెదాలు ఒకసారి తడుపుకున్నాడు. పిన్ని తెర వైపే చూస్తూ అడిగింది.

“మూడోది నిజంగా చచ్చిందా, లేక మీరు చచ్చిందన్నారా?”

ఆయన చూపు గోడ గడియారం మీదికి పోయింది. పిన్ని లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. అవతల గార్డు కుర్చీ ఖాళీ.

“గార్డుని ఇన్‌స్పెక్టరుగారితో పంపానండీ, కోర్టులో సాక్ష్యం కావాల్సి వస్తుందేమోనని,” అన్నాడు తాళాలాయన. “అయిదింటికి గానీ రాడు. నాలుగింటికి ఈ సమాచారం మొత్తానికి ముద్ర పడుతుంది, ఆపైన ఎవరూ మార్చలేరు. ఈలోగా ఆ నలభై మంది తేదీల్నీ జరిపేస్తాను. మీ ఆదివారాలు మీకొస్తాయి.”

పిన్ని గాజుని అరచేత్తో బాదింది. వేలెడు మందం గాజు, చప్పుడు తన చెవికే సరిగ్గా వినపడలేదు. అయిదు నిమిషాల ముందు ఈ ప్రశ్న అడిగి ఉంటే మరిది ఇక్కడే ఉండేవాడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయానని అర్థమై, ఆవిడకి నిజంగానే భయం వేసింది. ఎదురుగా ఉన్నవాడు ఒక ప్రాణం తీసినవాడు.

“నన్నూ తోస్తారా? ఇక్కడ మెట్లు లేవు.”

“లేదమ్మా. మీరంటే నాకేం కోపం? మాస్టారంటే మాత్రం ఉందా?” అంటూ కూలబడ్డట్టు కూర్చున్నాడు. “మా ఆవిడ ఈ పరిశోధనలో ఉంది. పై అంతస్తులో, పదకొండో నంబరు మంచం. ఈ మందుతో గడ్డలు తగ్గినవాళ్లు చాలట్లేదు, పరిశోధన ఆపేస్తారని అన్నారు. ఆపేస్తే మందు ఆగిపోతుంది. పాత ఆసుపత్రిలో నేను పదేళ్లు పనిచేశాను. వేరే వైద్యంతో తగ్గినవాళ్ల స్కాన్లు నలభై మందివి తెచ్చాను. ఆరో ఆసుపత్రి పేరుతో చీటీలు నేనే రాశాను. అందరివీ దాచే చేతులివి, ఆ నలభై మంది తేదీలు దాచడం మర్చిపోయాను.”

“మాస్టారు?”

“మంగళవారం పొద్దున, బయటికి రండి, మీతో మాట్లాడాలి అన్నారు. దొరికిపోయానని తెలిసింది. వెనక మెట్ల దగ్గర ఎవరూ ఉండరు, అక్కడికెళ్దాం అన్నాను. ఆ పాత కార్డు అప్పటికే జేబులో వేసుకున్నాను. ఆయనకి తలుపు తెరవగానే గార్డుని టీకి పంపి, తలుపు మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టి నేనూ వెళ్లాను.” ఆయన తల దించుకున్నాడు. “ఆయన నా భుజమ్మీద చెయ్యి వేశారు. ఒక్క మాట వినండి అన్నారు. నేను వినలేదు.”

ఒక్క మాట. పిన్నికి ఆ మాట ముల్లులా తగిలింది. పోలీసులకి పట్టించేవాడు భుజమ్మీద చెయ్యి వేసి ఒక్క మాట వినమనడు. ఆవిడ కుర్చీలో కూర్చుని, మాస్టారు మంగళవారం ఏం చేశారో చూపించమని కంప్యూటరుని అడిగింది. పదీ ఇరవై ఒకటికి ఒక పట్టిక చేసి దాచారు. దానికి ఆయన పెట్టిన పేరు ‘నలభై తీసేశాక’.

తెరిచింది. అది తాళాలాయన తెర మీదా తెరుచుకుంది.

“ఎప్పుడైనా చూశారా ఇది?”

“నేను కాపలాదారునమ్మా. లెక్కలు నాకెందుకు?”

“ఇప్పుడు చూడండి. పాత మందు వాడినవాళ్లు నూట ఇరవై మంది. గడ్డ తగ్గింది ముప్పై ఎనిమిది మందికి, పెరిగింది నలభై ఒక్క మందికి. కొత్త మందు వాడినవాళ్లు, మీ నలభై మందిని తీసేస్తే, వాళ్లూ నూట ఇరవై. తగ్గింది పంతొమ్మిది మందికి.” పిన్ని తెర మీద ఆ గడి చూపించింది. “పెరిగింది డెబ్భై మందికి.”

ఆయన తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు.

“ఇది పనిచెయ్యని మందు కాదు బాబూ. గడ్డని పెంచే మందు. మీ నలభై మందిని కలిపితేనే మంచిమందులా కనపడుతోంది. మాస్టారు మిమ్మల్ని పట్టించడానికి రమ్మనలేదు. మీ ఆవిడ చేత మాన్పించమని చెప్పడానికి రమ్మన్నారు.”

ఆయన ఒక్కసారిగా లేచి తలుపు మీద పడ్డాడు. కార్డు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. అవతల కార్డు పెట్టే మనిషి లేడు. “నాలుగున్నరకి ఆవిడకి సెలైన్‌లో ఆ మందు ఎక్కిస్తారు! ఇవాళే! ఎవరక్కడ!” రెండు పిడికిళ్లతో బాదాడు. కుర్చీ ఎత్తి కొట్టాడు. గాజు మీద గీత కూడా పడలేదు. తీసిన గోతిలో తనే పడ్డ మనిషిని చూస్తే జాలి పడాలో అసహ్యపడాలో పిన్నికి తెలియలేదు. రెండూ కలిగాయి.

గడియారం మూడూ నలభై ఒకటి.

“ఇక్కణ్నించి బయటికెళ్లేది ఏదైనా ఉందా?” అంది.

“పట్టిక… ఒక్క పట్టిక. వచ్చినవాళ్లకి రోజుకొకటే. నేను సరేనంటే పెద్ద డాక్టరుగారి గదిలో అచ్చవుతుంది.” అప్పటికే ఆయన బల్ల దగ్గరికి పరుగెత్తాడు. “పైన కారణం అని ఒక గడి ఉంటుంది, అందులో రాస్తాను.”

గబగబా కొట్టాడు. ‘ఈ మందు ఎక్కించకండి. వెంటనే ఆపండి. ఆ నలభై మందీ అబద్ధం. నేనే పెట్టాను.’ పంపే మీట మీదికి వేలు వెళ్లేలోగా పిన్ని ఆయన మణికట్టు పట్టుకుంది.

“మెట్ల సంగతి?”

“ముందు ఇది వెళ్లనివ్వండమ్మా!”

“రోజుకి ఒకటేనన్నారుగా. ఇది వెళ్లిపోతే ఆ పిల్ల జైల్లో పురుడు పోసుకుంటుంది. రాయండి.”

“అక్కడ మా ఆవిడ చచ్చిపోతుంది!”

“అవును. అందుకే త్వరగా రాయండి.”

ఇలాంటి మాట తన నోటినుంచి వస్తుందని పిన్ని ఏనాడూ అనుకోలేదు. పదకొండో నంబరు మంచమ్మీది మనిషి ఏ పాపం ఎరుగదు. ఆ మనిషి ప్రాణాన్ని అడ్డం పెట్టి బేరమాడుతోంది తను. సిగ్గుతో మొహం కాలిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆయన ఆవిడ కళ్లలోకి చూశాడు. అది ఉత్త బెదిరింపేమోనని వెతికాడు. గడియారం ముల్లు కదిలింది. మూడూ నలభై నాలుగు. ఆయన ఎడమచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మిగతాది కొట్టాడు. ‘మాస్టారిని తోసింది నేను. తలుపు తెరిచిన బై మూడు కార్డు నా సొరుగులోది. కోడలి దగ్గరున్నది బై నాలుగు. ఇన్‌స్పెక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యండి.’ చివర తన పేరు రాశాడు.

పిన్ని చెయ్యి వదిలింది. ఆయన మీట నొక్కాడు. వెళ్లింది అని తెర మీద ఒక చిన్న మాట వచ్చి పోయింది. పెద్ద డాక్టరు గదిలో ఉన్నాడో, వార్డులో తిరుగుతున్నాడో, ఆ కాగితం ఎవరి కంట పడుతుందో ఇద్దరికీ తెలీదు. తలుపు మీది ఎర్రదీపం అలాగే ఉంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి దానివంకే చూశారు. కాసేపటి క్రితం ఆయన్ని చూస్తే భయపడ్డానన్న సంగతి కూడా పిన్నికి గుర్తులేదు.

మూడూ యాభై రెండుకి ఆయన మెడలోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“తలుపు తెరిస్తే నన్ను పట్టుకుంటారు. మీరు పైకి వెళ్లండమ్మా. ఆవిడకి మీరే చెప్పండి.”

“ఏమని చెప్పను?”

“మాస్టారు నాకు చెప్పాలనుకున్నది ఆవిడకి చెప్పండి,” అన్నాడు తాళాలాయన. “ఆవిడ వింటుంది. నాలాంటిది కాదు.”